డిక్కీకి ఎవరూ బొట్టు పెట్టరు



సత్యం గురించి మనం చేసిన వీడియో తర్వాత మీలో చాలామంది అడిగిన ప్రశ్న ఒకటే. "అబద్ధం ఆడకూడదు, ఒప్పుకుంటాం. కానీ అవతలివాళ్లు అడగని విషయం మనం చెప్పకుండా ఊరుకుంటే, అది కూడా అబద్ధమేనా?"

శాస్త్రంలో ఏముందో ఒక పేరాలో చెప్పేసి ముగించొచ్చు. కానీ ఈ ప్రశ్న పోయిన దసరాకి నా ముందుకే వచ్చింది. నేను మొదట దానికి తప్పు జవాబే ఇచ్చాను. అందుకే ముందు ఆ సంగతి చెప్తాను. పెద్ద కథేం కాదు. ఒక పాత కారు, దాని డిక్కీ, ఒక డబ్బా నల్ల రంగు.

వానలు తక్కువైన ఊళ్లో తుప్పు

మాది మార్కాపురం. ఉద్యోగం హైదరాబాద్‌లో, సాఫ్ట్‌వేర్. నాన్న చాలా ఏళ్లు పలకల ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేసి, తర్వాత రాళ్ల ఆర్డర్లు చూసుకునే చిన్న ఏజెంటు పని పెట్టుకున్నారు. మీ అమ్మానాన్నల్ని అడిగి చూడండి, వాళ్లు అ ఆలు దిద్దిన పలక మా ఊరిదే అయి ఉండొచ్చు. ఇప్పుడు బళ్లలో రాతి పలకలు దాదాపు పోయాయి. అదే రాయి గోడలకి, నేలకి పరుచుకోవడానికి వెళ్తోంది.

2011లో నాన్న సెకండ్ హ్యాండ్‌లో ఒక మారుతి 800 కొన్నారు. 2006 మోడల్, ఏపీ 27 నంబరు, తెల్ల కారు. 1983లో మొదలై 2014లో తయారీ ఆగిపోయిన బండి అది. మా ఇంట్లో మొదటి కారు. ఇంజనీరింగ్ సెలవుల్లో నేను డ్రైవింగ్ నేర్చుకున్నది దాని మీదే. కంభం చెరువు చూడ్డానికి, త్రిపురాంతకం గుడికి, గిద్దలూరు మీదుగా నల్లమల దాటి నంద్యాలలో పెళ్లిళ్లకి, అన్నిటికీ అదే. మిగతా రోజుల్లో దాని డిక్కీలో శాంపిల్ రాళ్లు ఉండేవి.

నాన్నకి ఇప్పుడు రాత్రిపూట కళ్లు సరిగా ఆనడం లేదు. పైగా పదిహేనేళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి, అది 2026లో మళ్లీ వస్తుంది. ఈలోపు అమ్మేద్దాం అనుకున్నారు. దసరాకి నేను వచ్చినప్పుడు బండిని శుభ్రం చేసే పని నా మీద పడింది.

డిక్కీలో మ్యాట్ ఎత్తాను. స్టెప్నీ తీశాను. దాని కింద గుంటలో, చుట్టూ ఉన్న రేకు మీద, ఎర్రగా పెచ్చులు. వేలితో గీకితే పొరలు పొరలుగా ఊడి వస్తోంది.

మా వైపు వానలే తక్కువ, సముద్రం ఎక్కడో ఒంగోలు అవతల ఉంది, ఇంత తుప్పు ఎక్కడిది అనుకున్నాను. ఆలోచిస్తే తెలిసింది. ఇనుము తుప్పు పట్టాలంటే రెండు కావాలి, నీళ్లు, గాలిలో ఉండే ఆక్సిజన్. రాళ్ల అంచులు గీసుకుని డిక్కీ రంగు ఎప్పుడో లేచిపోయింది. కోసిన రాళ్లు తడి ఆరకుండానే లోపల పెట్టేవాళ్లు. మా ఎండలకి డిక్కీ డోరు చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ పగిలింది, బండి కడిగినప్పుడల్లా ఆ పగుళ్లలోంచి నీళ్లు లోపలికి దిగేవి. మ్యాట్ ఆ తడిని పీల్చుకుని దాచిపెట్టింది. పైనుంచి చూస్తే పొడిగానే ఉండేది. కింద ఏళ్ల తరబడి ఇనుము కరుగుతూ వచ్చింది.

ఒక మధ్యాహ్నంలో అయిపోయే పని

దీన్ని సరిగ్గా ఎలా చేయాలో నాకు తెలుసు. వీడియోలు చూశాను. తుప్పు మొత్తం గీకి, మెరిసే ఇనుము కనిపించేదాకా రుద్ది, ప్రైమర్ వేసి, అది ఆరాక పైన కోటింగ్ వేయాలి. రెండు మూడు రోజుల పని. నాకు ఉన్నది ఒక మధ్యాహ్నం.

హార్డ్‌వేర్ షాపులో తారులాంటి నల్లటి యాంటీ రస్ట్ కోటింగ్ దొరికింది. బ్రష్షు తీసుకుని తుప్పు మీదే మందంగా రెండు సార్లు పూసేశాను. సాయంత్రానికి ఆరింది. నిజం చెప్తున్నా, కొత్త కారు డిక్కీలా ఉంది. నాన్న వచ్చి చూసి, "పర్లేదే, బానే చేసినావ్" అన్నారు. మ్యాట్ పరిచేశాను.

మర్నాడు ఆయుధ పూజ. బండి కడిగి, బానెట్‌కి పసుపు కుంకుమ పెట్టి, స్టీరింగ్‌కి దండ వేసి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. అమ్మ హారతి ఇచ్చింది. ఎదురుగా నిలబడి దండం పెట్టుకున్నాం. మీ ఇళ్లలోనూ ఇంతే కదా. బానెట్‌కి బొట్టు పెడతాం, స్టీరింగ్‌కి పెడతాం, డోర్లకి పెడతాం. డిక్కీ లోపల మ్యాట్ కింద ఎవరూ బొట్టు పెట్టరు.

విజయదశమి నాడు బండి చూడ్డానికి ఒకతను వచ్చాడు. రాచర్ల వైపు పల్లె. నాకంటే రెండు మూడేళ్లు చిన్నవాడు. భార్య, నాలుగేళ్ల పాప కూడా వచ్చారు. ఊరూరూ తిరిగి చీరలు అమ్ముకుంటారట, ఇన్నాళ్లూ బండి మీద మూటలు కట్టుకుని తిరిగాడట. ఇంజిన్ విన్నాడు, టైర్లు చూశాడు. తర్వాత డిక్కీ తీసి మ్యాట్ ఎత్తాడు. నా గుండె ఒక్క క్షణం ఆగింది.

"కోటింగ్ కూడా కొట్టించినారా అన్నా! బాగా చూసుకున్నారే బండిని."

నేను నవ్వాను. అంతే. ఒక్క మాట కూడా అనలేదు.

అతను అదే చోట చెయ్యి పెట్టి భార్యకి చూపించాడు. "పెట్రోలుతో మనకి గిట్టుబాటు కాదు. గ్యాస్ కిట్ పెట్టిచ్చుకుందాం. ట్యాంకు ఇదిగో ఇక్కడ బిగిస్తారు."

పాప వెనక సీటు మీద గెంతుతోంది.

అరవై రెండు వేలకి బేరం కుదిరింది. మంచి రోజని ఐదు వేలు అడ్వాన్స్ ఇచ్చి వెళ్లాడు.

నాకు అనుకూలంగా ఏదైనా దొరుకుతుందేమోనని

సాయంత్రం చెన్నకేశవ స్వామి గుడికి వెళ్లాను. దండం పెట్టి కళ్లు మూసుకుంటే స్వామి రూపం రాలేదు. గ్యాస్ ట్యాంకు బోల్టులు కనిపించాయి. అవి ఏ రేకులోంచి దిగుతాయో నాకు తెలుసు. అతనికి తెలియదు.

ఇంటికొచ్చి నాన్నతో అన్నాను, చెప్పేద్దామా అని. ఆయన చిరాకు పడ్డారు. "అతను అడిగినాడా? చూసుకున్నాడుగా, మ్యాట్ ఎత్తి మరీ చూసుకున్నాడు. మనకు అమ్మినాయన మనకేమన్నా చెప్పినాడా?"

ఒక మాట చెప్పాలి. నాన్న తప్పుడు మనిషి కాదు. ఫ్యాక్టరీ లెక్కల్లో రూపాయి తేడా వస్తే రాత్రి పదకొండు దాకా కూర్చుని వెతికే మనిషి. ఆయన అన్నది ఊరంతా నమ్మే న్యాయమే. చూసుకోవడం కొనేవాడి బాధ్యత. అడిగితే చెప్తాం, అడగకపోతే మనమెందుకు చెప్పాలి?

ఆ రాత్రి ఫోన్‌లో చట్టం వెతికాను. ధర్మం కోసం కాదు, నాకు అనుకూలంగా ఏదైనా దొరుకుతుందేమోనని. దొరికింది కూడా. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం, పదిహేడో సెక్షన్. ఉత్తినే మౌనంగా ఉండటం మోసం కాదని అందులో ఉంది. ఉదాహరణగా ఒక గుర్రం కథ. ఒకడు తన గుర్రం మంచిది కాదని తెలిసీ, వేలంలో ఏమీ చెప్పకుండా అమ్ముతాడు. అది మోసం కాదట. అప్పట్లో గుర్రం అంటే ఇప్పటి సెకండ్ హ్యాండ్ కారే కదా! ఊపిరి పీల్చుకున్నాను.

అక్కడితో ఆపి పడుకుని ఉంటే బాగుండేది. మిగతాది కూడా చదివాను. కొనేది సొంత కూతురైతే, ఆ సంబంధం వల్లే చెప్పాల్సిన బాధ్యత ఉంటుందని రెండో ఉదాహరణ. కొనేవాడు "నువ్వు కాదనకపోతే గుర్రం బాగున్నట్టే అనుకుంటాను" అంటే, అప్పుడు నోరు మెదపకపోవడం మాట్లాడినట్టేనని మూడోది. ఇక అదే సెక్షన్‌లో పైన, మోసం అంటే ఏమేమిటో చెప్పే జాబితాలో, తెలిసిన విషయాన్ని కావాలని చేత్తో కప్పిపుచ్చడం కూడా ఉంది.

అంటే నేను మ్యాట్ కింద తుప్పుని అలాగే వదిలేసి నోరు మూసుకుని ఉంటే, గుర్రం కథ నాకు అడ్డు వచ్చేదేమో. కానీ నేను బ్రష్షు పట్టుకున్నాను. చట్టం గీసిన గీత సరిగ్గా ఆ బ్రష్షు దగ్గరే ఉంది.

నాన్న మాటకి జవాబు కూడా అక్కడే దొరికింది. అతను అడగలేదు, నిజమే. ఎందుకు అడగలేదు? తుప్పు కనిపించి ఉంటే "ఇదేంటన్నా" అని అడిగేవాడు. మ్యాట్ ఎత్తింది అందుకే. నేను తుప్పుని మాత్రమే కప్పలేదు, అతను అడగాల్సిన ప్రశ్నని కూడా కప్పేశాను. ప్రశ్న పుట్టకుండా చేసి, తర్వాత "నువ్వు అడగలేదుగా" అనడం ఏం న్యాయం?

ధర్మరాజు రథం ఎందుకు దిగింది

ఇప్పుడు శాస్త్రానికి వద్దాం. ద్రోణ పర్వంలో అశ్వత్థామ ఘట్టం మీ అందరికీ తెలుసు. కొడుకు చనిపోయాడన్న వార్త విన్న ద్రోణుడు ఎవరి మాటా నమ్మలేదు. ధర్మరాజునే అడిగాడు, ఆయన అబద్ధం ఆడడని. ధర్మరాజు చెప్పిన వాక్యం మొత్తం తీసుకుంటే అందులో అబద్ధం లేదు, చచ్చింది ఏనుగు. కానీ ఆ ఒక్క ముక్క వినపడకుండా చెప్పాడు. అప్పటిదాకా నేలకి నాలుగు అంగుళాల పైన నడిచిన ఆయన రథం ఆ క్షణంలో నేలకి దిగింది.

చిన్నప్పుడు నాకు ఇది అన్యాయం అనిపించేది. మాట నిజమే కదా, మరి శిక్ష ఎందుకు? ఇప్పుడు అర్థమవుతోంది. ధర్మరాజు మాటని మార్చలేదు, దాని మీద పూత పూశాడు. ద్రోణుడి చెవిలోకి వెళ్లింది వేరే విషయం.

పతంజలి యోగసూత్రాల్లో యమాలు ఐదు. మొదటిది అహింస, రెండోది సత్యం. ఆ సూత్రానికి వ్యాసభాష్యం ఇచ్చే వివరణ నాకు చాలా ఇష్టం. నా మనసులో ఉన్న జ్ఞానాన్ని అవతలి మనిషి మనసులోకి చేర్చడానికే మాట ఉంది అంటుంది. ఆ మాట వంచించకూడదు, భ్రమ కలిగించకూడదు, అర్థం చేరకుండా వట్టిపోకూడదు. అప్పుడే అది సత్యం.

అంటే సత్యాన్ని కొలవాల్సింది నా నోటి దగ్గర కాదు, అవతలివాడి మనసు దగ్గర. అతని మనసులో ఏం పడింది? "బండిని బాగా చూసుకున్నారు" అని పడింది. అది పడేలా చేసింది నా పూత. నేను నోరు విప్పలేదు కానీ నా బ్రష్షు నా తరఫున మాట్లాడింది, నా నవ్వు దానికి సంతకం పెట్టింది.

అదే భాష్యం ఇంకో మాట కూడా చెప్తుంది. మాట ప్రాణుల మేలు కోసం పుట్టింది, ప్రాణులకి హాని చేసేది ఎంత సత్యంలా కనిపించినా సత్యం కాదు అని. సత్యానికి ముందు అహింస ఉంది, గుర్తుంచుకోండి. దీన్నిబట్టి మౌనాన్ని కూడా కొలవొచ్చు. నేను ఊరుకుంటే దెబ్బ ఎవరికి తగులుతుంది? ఆ వెనక సీట్లో గెంతుతున్న పాపకి.

"ఆ నల్లరంగు మీరే పూసినారా అన్నా?"

పొద్దున్నే ఫోన్ చేశాను. డిక్కీ రేకు తుప్పు పట్టింది, గ్యాస్ ట్యాంకు దాని మీద బిగించకూడదు అని చెప్పాను.

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఒకే ప్రశ్న. "ఆ నల్లరంగు మీరే పూసినారా అన్నా?"

ఎవరైనా మెకానిక్ పూశాడని చెప్పడానికి నాలుక దాకా వచ్చింది. చూశారా, ఒకటి ఒప్పుకుంటున్న క్షణంలో కూడా ఇంకో పూత సిద్ధంగానే ఉంటుంది. "నేనే పూశాను" అన్నాను.

"నిన్ననే చెప్పుంటే అయిపోయేదిగా అన్నా. మా ఇంటిది ఊరంతా చెప్పుకుంది కారు కొన్నామని." కోపం కంటే ఆ మాటే నన్ను ఎక్కువ గుచ్చింది. అడ్వాన్స్ ఫోన్‌పేలో వెనక్కి పంపించాను. బేరం పోయింది. నాన్న ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. నిజం చెప్తే అన్నీ సర్దుకుంటాయని చాలా కథల్లో ఉంటుంది. నా విషయంలో వెంటనే ఏదీ సర్దుకోలేదు.

రెండు రోజులు సెలవు పొడిగించి బండిని టింకరింగ్ షెడ్డుకి తీసుకెళ్లాను. ఆయన నా కోటింగ్‌ని గీకుతుంటే దాంతో పాటు తుప్పు చెక్కలు చెక్కలుగా ఊడి వచ్చింది. స్క్రూడ్రైవర్ పెట్టి నొక్కాడు. అటువైపు నేల కనిపించింది. రూపాయి బిళ్ల అంత కన్నం.

"మీరు పూసింది మంచి మందే సార్," అన్నాడు. "కాకపోతే తుప్పు మీద పూస్తే అది తుప్పుకి దుప్పటి కప్పినట్టు."

విషయం ఇదీ. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే ఉబ్బి పైనున్న రంగుని లేపుతుంది. వదులుగా ఉన్న పెచ్చుల మీద ఏది పూసినా అది ఇనుముని పట్టుకోదు, పెచ్చుని పట్టుకుంటుంది. లోపల చిక్కుకున్న తడి ఆరదు. పైన నల్లగా మెరుస్తుంటుంది, లోపల పని సాగుతూనే ఉంటుంది. ఒకటే తేడా, ఇక ఎవరికీ కనపడదు.

ఆయన పద్ధతిగా చేశాడు. బ్యాటరీ వైరు తీశాడు. పాడైన రేకు కోసేసి, పెట్రోలు ట్యాంకు వైపు జాగ్రత్త తీసుకుని కొత్త ముక్క వెల్డింగ్ పెట్టాడు. మిగతా చోట వైరు బ్రష్షుతో, ఎమరీ పేపర్‌తో ఇనుము బయటపడేదాకా రుద్దాం. సందుల్లో బ్రష్షు దూరని చోట ఫాస్పారిక్ యాసిడ్ ఉన్న ద్రావకం పూశాం. ఆ తర్వాత రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, అతుకుల్లో సీలెంట్, అన్నీ ఆరాక చివరికి అదే నల్ల కోటింగ్. నీళ్లు బయటికి పోయే రంధ్రాలు మూసుకుపోకుండా చూసుకున్నాం, బీడింగ్ కొత్తది వేశాం. ఆరు వేల ఐదొందలు అయింది.

పైకి చూస్తే? నేను మొదట పూసినప్పుడు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. అదే నలుపు. మ్యాట్ ఎత్తి చూసిన ఏ మనిషీ రెంటికీ తేడా చెప్పలేడు. ఆ తేడా తెలిసింది పూసినవాడికి, పైనున్నవాడికి.

తుప్పే కవచం అయిన స్తంభం

ఆ ఫాస్పారిక్ యాసిడ్ సంగతి నాకు ఆసక్తిగా అనిపించి చదివాను. అది తుప్పుతో కలిసి ఐరన్ ఫాస్ఫేట్ అనే గట్టి పొరగా మారుతుంది. ఇదే రసాయనం మన దేశంలో ఇంకోచోట, చాలా పెద్దగా ఉంది. ఢిల్లీలో కుతుబ్ మినార్ ఆవరణలోని ఇనుప స్తంభం. ఏడు మీటర్ల పైన ఎత్తు, ఆరు టన్నుల పైన బరువు, సుమారు 1600 ఏళ్ల వయసు. దాని మీది శాసనం ప్రకారం అది చంద్రుడనే రాజు విష్ణువు కోసం నిలిపిన ధ్వజం.

ఆ స్తంభానికి తుప్పే పట్టలేదని చాలామంది అనుకుంటారు. ఐఐటీ కాన్పూర్‌లో లోహశాస్త్రం చెప్పిన ప్రొఫెసర్ ఆర్. బాలసుబ్రమణియం దాని మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. ఆ ఇనుములో భాస్వరం ఎక్కువ. గాలికి, తడికి, ఎండకి ఆ ఇనుము మొదట తుప్పు పట్టడం మొదలుపెట్టింది. భాస్వరం వల్ల ఆ తుప్పు పొరే మెల్లగా ఫాస్ఫేట్‌తో గట్టిపడి, లోపలి ఇనుముకి కాపలా అయింది. శతాబ్దాల పాటు తడవడం, ఆరడం జరిగితేనే ఆ పొర తయారైంది.

నా డిక్కీలో తుప్పు మ్యాట్ కింద దాక్కుని కన్నం పెట్టింది. స్వామి ధ్వజం మీది తుప్పు ఆరుబయట ఉండి కవచమైంది. తప్పు కూడా అంతే అనిపిస్తోంది. వెలుగులోకి తెచ్చి, రుద్దించుకుని, కాస్త మంట ఓర్చుకుంటే, అదే మనల్ని తర్వాత కాపాడుతుంది. ఆ ఫోన్ కాల్ తర్వాత ఆఫీసులో నాకు ఒక మార్పు వచ్చింది. ఇంతకుముందు నా కోడ్‌లో లోపం దొరికితే, రిలీజ్ అయ్యేదాకా నోరు మూసుకుని నిశ్శబ్దంగా సరిచేసేవాణ్ని. ఇప్పుడు ముందు టీమ్‌కి చెప్తున్నాను. "నేనే పూశాను" అన్న రెండు మాటలు ఒకసారి నోటి నుంచి వచ్చాక, రెండోసారి అంత బరువుగా ఉండవు.

మరి అన్నీ చెప్పేయాలా?

ఇది మీరు అడుగుతారని తెలుసు. మన దగ్గర ఉన్న ప్రతి లోపాన్నీ ఊరంతా చాటాలా? వద్దు. స్నేహితుడు నమ్మి చెప్పిన రహస్యం దాచడం ధర్మం. ఎదుటివాళ్లని నొప్పించడానికే పనికొచ్చే నిజాన్ని మింగేయడం సంస్కారం. మౌనం చాలాసార్లు తపస్సే.

నేను పెట్టుకున్న పరీక్ష రెండు ప్రశ్నలు. ఒకటి, అవతలి మనిషి దీని మీద తన బరువు మోపబోతున్నాడా? డబ్బు, ప్రాణం, పెళ్లి, ఉద్యోగం, ఏదైనా. రెండు, అతనికి అనుమానం రాకుండా నేను చేత్తో ఏదైనా చేశానా? ఈ రెంటిలో ఏ ఒక్కదానికి "అవును" అని వచ్చినా, అడగలేదన్న మాట నన్ను కాపాడదు. పెళ్లిచూపుల్లో దాచే జబ్బు, రెజ్యూమెలో పెంచి రాసిన అనుభవం, అద్దెకిచ్చే ముందు సున్నం కొట్టి కప్పిన గోడ చెమ్మ, అన్నీ ఆ డిక్కీ రేకు లాంటివే. ఎవరో ఒకరు నమ్మి దాని మీద బోల్టు బిగిస్తారు.

"మనకు అమ్మినాయన చెప్పినాడా" అన్న నాన్న ప్రశ్న మాత్రం చాలా రోజులు నాతోనే ఉంది. నిజమే, చెప్పలేదు. ఆయనకి అమ్మినవాళ్లూ ఏమీ చెప్పి ఉండరు. అలా చేతులు మారుతూ వచ్చిన పూత ఎక్కడో ఒకచోట ఆగాలి. అది మన చేతిలో ఉన్నప్పుడే ఆపగలం. ముందువాళ్ల చేతుల్లో ఉన్నప్పుడు మనం లేము, తర్వాతివాళ్ల చేతుల్లోకి వెళ్లాక మన మాట చెల్లదు.

పది పన్నెండు రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా ఫోన్ వచ్చింది. అతనే. నంద్యాలలో ఇంకో కారు చూస్తున్నాడట.

"అన్నా, డిక్కీ మ్యాట్ కింద ఏం చూడాల? కోటింగ్ కొట్టి ఉంది."

వీడియో కాల్ చేయమన్నాను. నాణెంతో తట్టి చప్పుడు వినిపించమన్నాను, గట్టి రేకు ఒకలా మోగుతుంది, తుప్పు రేకు మొద్దుగా పలుకుతుంది. స్టెప్నీ తీయించాను, బండి కిందకి వంగి అడుగువైపు చూపించమన్నాను. బాగానే ఉంది. తీసుకున్నాడు. నాతో బేరం చెడిన మనిషి, కారు గురించి నమ్మి అడగడానికి నాకే ఫోన్ చేశాడు. ఎందుకో నేను అడగలేదు.

ఈ సంగతి నాన్నకి చెప్తే ఏమీ అనలేదు. సాయంత్రం అమ్మ చెప్పింది, ఇంట్లో ఉన్న పాత రాతి పలక తీసి పక్కింటి పిల్లాడికి అక్షరాలు దిద్దిస్తూ, "తప్పు రాస్తే దాని మీదే దిద్దగూడదురా, తుడిచేసి మళ్లీ రాయాల" అంటున్నారట.

మా మారుతి ఇంకా అమ్ముడు కాలేదు. వచ్చిన ప్రతి ఒక్కరికీ నాన్న ఇప్పుడు మొదట డిక్కీయే తీసి చూపిస్తున్నారు. ఫోన్‌లో పాత కన్నం ఫోటో చూపించి, తర్వాత కొత్త రేకు చూపిస్తున్నారు. సగం మంది ఆ ఫోటో చూసే వెళ్లిపోతున్నారు. "పోనీలే, చూసి కొనేవాడే వస్తాడు" అంటున్నారు.

ఈ వారం మీకు ఒక చిన్న సాధన. పూజ అయ్యాక రెండు నిమిషాలు కూర్చుని, మీ జీవితంలో మ్యాట్ ఎత్తని చోటు ఒకటి గుర్తు చేసుకోండి. ఎవరో మిమ్మల్ని నమ్మి బరువు మోపుతున్న చోటు అయితే, కప్పకండి. ఆ మనిషికి ఫోన్ చేయండి. వచ్చే ఆయుధ పూజకి మా బండి ఇంట్లోనే ఉంటే, డిక్కీ లోపల కూడా ఒక బొట్టు పెట్టాలనుకుంటున్నాను.

స్వామి మనందరికీ ఆ ధైర్యం ఇవ్వాలని కోరుకుంటూ, వచ్చే వారం మళ్లీ కలుద్దాం. నమస్కారం.